ట్రైపాడ్ హెడ్

ట్రైపాడ్ హెడ్ అనగా కెమెరాను ట్రైపాడ్ కాళ్ళకు కలిపే పరికరము. కెమెరాను కావలసిన దిశకు త్రిప్పుటకు, వంచుటకు, ఆ స్థితిలోనే కదలకుండా బిగించి ఉంచుటకు ఇది ఉపయోగపడుతుంది. వాడుకలో దీనిని "ట్రైపాడ్ తల" అని, కేవలం "హెడ్" అని కూడా అంటారు. ట్రైపాడ్ కాళ్ళు ఎంత గట్టివైనా వాటిపై ఉన్న హెడ్ బలహీనమైనదైతే చిత్రం స్పష్టంగా రాదు. తక్కువ ధరకు లభించే ట్రైపాడ్‌లలో సాధారణంగా మొదట విఫలమయ్యే భాగం హెడ్‌యే. అందువలన పరిమిత ఖర్చుతో కెమెరా సామగ్రి సమకూర్చుకొనే ఔత్సాహికులకు హెడ్ ఎంపిక ముఖ్యమైన విషయం.

ఈ వ్యాసంలో హెడ్ నిర్మాణం, రకాలు, తక్కువ ఖర్చులో ఎంపిక చేసుకొనే పద్ధతి వివరించబడ్డాయి. ఉదాహరణలు ప్రధానంగా తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల నుండి తీసుకొనబడ్డాయి. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి నాగర్ కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడింది.

## చరిత్ర

1839లో డాగెర్ పద్ధతి ప్రకటించబడిన నాటికి ఒక చిత్రం తీయటానికి నిమిషాల సమయం పట్టేది. అంతసేపు కెమెరాను చేతితో పట్టుకొనుట అసాధ్యం కనుక ఛాయాచిత్రకళ ఆరంభం నుండి ముక్కాలి ఆధారం తప్పనిసరి అయినది. ఆనాటి పెద్ద చెక్క కెమెరాలను చెక్క ముక్కాలిపై బల్లవంటి పీఠం మీద బిగించేవారు.

హైదరాబాదు రాజ్యంలో ఈ విధానంలో పనిచేసినవారిలో ప్రసిద్ధుడు రాజా దీనదయాళ్ (1844 - 1905). ఆయన సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఉన్నాడు. గాజు పలకలపై ఆయన తీసిన కట్టడాల చిత్రాలు నేటికీ చరిత్రకారులకు ఆధారాలుగా ఉన్నాయి. మహబూబ్ నగర్ పట్టణానికి ఆ పేరు వచ్చినది ఈ ఆరవ నిజాం పేరు మీదనే.

కెమెరాలు చిన్నవైన కొద్దీ పీఠం స్థానంలో అనేక దిశలకు కదిలే హెడ్‌లు వచ్చాయి. సినిమా కెమెరాను కుదుపు లేకుండా త్రిప్పుటకు జిగట ద్రవంతో పనిచేసే ఫ్లూయిడ్ హెడ్‌ను 1940లలో ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ మిల్లర్ రూపొందించాడు. ఫ్రాన్సులో 1917లో మొదలైన గిట్జో, ఇటలీలో 1972లో స్థాపించబడిన మన్‌ఫ్రొట్టో సంస్థలు ఈ రంగంలో పేరు పొందాయి. 2000 తరువాతి దశకంలో డిజిటల్ కెమెరాల ధరలు తగ్గి ఔత్సాహికుల సంఖ్య పెరిగినది. బెన్రో, సిరుయి వంటి చైనా సంస్థల హెడ్‌లు, భారతీయ విపణిలో సింపెక్స్, డిజిటెక్ వంటి పేర్లతో అమ్మబడే ట్రైపాడ్‌లు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి.

## భాగాలు

ఒక సాధారణ హెడ్‌లో క్రింది భాగాలు ఉంటాయి.

* అడుగు పీఠం: ఇది కాళ్ళకు కలిసే చోటు. చాలా హెడ్‌లలో ఇక్కడ 3/8 అంగుళాల (9.5 మి.మీ.) స్క్రూకు సరిపోయే రంధ్రం ఉంటుంది. ఈ స్క్రూకు అంగుళానికి 16 చుట్లు ఉంటాయి.
* పాన్ అక్షం: కెమెరాను కుడి ఎడమలకు త్రిప్పే భాగం. మంచి హెడ్‌లలో దీనికి విడిగా బిగించే నాబ్ ఉంటుంది.
* వంపు భాగం: కెమెరాను పైకి క్రిందికి, ప్రక్కలకు వంచే భాగం. ఇది గోళం కావచ్చు, వేర్వేరు కీళ్ళు కావచ్చు.
* క్లాంప్, ప్లేటు: ప్లేటును కెమెరా అడుగున 1/4 అంగుళాల (6.35 మి.మీ.) స్క్రూతో బిగిస్తారు. దీనికి అంగుళానికి 20 చుట్లు ఉంటాయి. ప్లేటు హెడ్ పైనున్న క్లాంప్‌లో ఇమిడి ఉంటుంది. క్లాంప్‌ను విడిస్తే కెమెరా ప్లేటుతో సహా వెంటనే బయటకు వస్తుంది. దీనినే క్విక్ రిలీజ్ అంటారు.
* నీటి బుడగ మట్టం: హెడ్ సమంగా ఉన్నదో లేదో తెలిపే చిన్న గాజు గొట్టం. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం వంటిదే.

1/4, 3/8 అంగుళాల స్క్రూ కొలతలు ప్రపంచమంతటా ఒకటే. కనుక ఒక సంస్థ కాళ్ళపై మరొక సంస్థ హెడ్‌ను బిగించుకొనవచ్చును. ఇది తక్కువ ఖర్చుతో కొనేవారికి గొప్ప వెసులుబాటు. అయితే బాగా చవకైన ట్రైపాడ్‌లలో హెడ్ కాళ్ళతో విడదీయరాకుండా కలిసి ఉంటుంది. అటువంటి వాటిలో హెడ్ పాడైతే మొత్తం ట్రైపాడ్‌ను మార్చవలసి వస్తుంది.

## పనిచేసే సూత్రం

హెడ్ చేసే పని ప్రధానంగా ఘర్షణపై ఆధారపడి ఉంటుంది. నాబ్‌ను బిగించినప్పుడు లోపలి లోహపు దవడలు గోళాన్ని లేదా కీలును నొక్కి పట్టుకుంటాయి. కెమెరా బరువు దానిని వంచటానికి ప్రయత్నిస్తుంది. ఈ వంచే బలాన్ని భౌతికశాస్త్రంలో టార్క్ అంటారు. కెమెరా బరువును, దాని గరిమనాభి హెడ్ కీలు నుండి ఉన్న అడ్డు దూరంతో గుణించగా టార్క్ వస్తుంది.

ఉదాహరణకు 850 గ్రాముల కెమెరా, లెన్సు కలిసి కీలు నుండి 6 సెం.మీ. అడ్డు దూరంలో వ్రేలాడుతున్నవనుకొంటే టార్క్ సుమారు 0.5 న్యూటన్ మీటర్లు. కెమెరా, పెద్ద లెన్సు కలిసి 2.5 కిలోలు ఉండి 12 సెం.మీ. దూరంలో ఉంటే టార్క్ సుమారు 2.9 న్యూటన్ మీటర్లు. బరువు మూడు రెట్లు మాత్రమే పెరిగినా హెడ్‌పై పడే భారం సుమారు ఆరు రెట్లు పెరిగినది. అందువలన "ఇన్ని కిలోలు మోస్తుంది" అనే ఒక్క అంకె చూసి హెడ్ బలాన్ని నిర్ణయించుట సరికాదు.

బిగించిన తరువాత కూడా హెడ్ కొద్దిగా క్రిందికి జారుట బలహీనమైన హెడ్‌ల ముఖ్య లోపం. 100 మి.మీ. లెన్సు ఉన్న కెమెరా డిగ్రీలో అరవయ్యవ వంతు వంగితే సెన్సార్‌పై ప్రతిబింబం సుమారు 0.029 మి.మీ. జరుగుతుంది. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ సెన్సార్‌లో ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు సుమారు 0.0039 మి.మీ. అనగా కంటికి కనిపించనంత చిన్న వంపు చిత్రంలో ఏడు పిక్సెళ్ళ మసకగా మారుతుంది.

## రకాలు

### త్రీ-వే హెడ్

దీనినే పాన్-టిల్ట్ హెడ్ అని కూడా అంటారు. కుడి ఎడమలకు, పైకి క్రిందికి, ప్రక్క వంపుకు మూడు వేర్వేరు అక్షాలు, సాధారణంగా పొడవైన పిడులు ఉంటాయి. ఒక దిశను సరిచేసేటప్పుడు మిగిలిన రెండు దిశలు చెదరవు. కట్టడాలు, శిల్పాలు, వస్త్రాలు, తాళపత్రాలు వంటి వాటిని నిదానంగా చిత్రించేవారికి ఇది అనువైనది. పిడులు సంచిలో అడ్డుపడుట, బరువు, వేగంగా కదపలేకపోవుట దీని లోపాలు. ఒకే ధరలో త్రీ-వే హెడ్, బాల్ హెడ్ దొరికినప్పుడు, కచ్చితంగా అమర్చుటలో త్రీ-వే హెడ్ తరచుగా మెరుగ్గా ఉంటుంది.

### బాల్ హెడ్

ఒక గిన్నెలో ఇమిడిన లోహపు గోళంపై కెమెరా నిలుస్తుంది. ఒక్క నాబ్ విడిస్తే కెమెరా అన్ని దిశలకూ కదులుతుంది. చిన్నది, తేలికైనది, వేగమైనది. గోళం వ్యాసం ఎక్కువైన కొద్దీ పట్టు పెరుగుతుంది. ఔత్సాహికుల హెడ్‌లలో గోళం వ్యాసం సాధారణంగా 28 మి.మీ. నుండి 44 మి.మీ. వరకు ఉంటుంది. కొన్నింటిలో ఘర్షణను ముందే కొంత బిగించి ఉంచుకొనే రెండవ నాబ్ ఉంటుంది. ఇది లేని బాల్ హెడ్‌పై బరువైన లెన్సు ఉంచి నాబ్ విడిస్తే కెమెరా ఒక్కసారిగా ప్రక్కకు వాలి దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఒక దిశను సరిచేయబోతే మరొక దిశ చెదరుట దీని సహజ లోపం.

### ఫ్లూయిడ్ హెడ్

వీడియో తీయుటకు ఉద్దేశించినది. లోపలి జిగట ద్రవం వలన కెమెరా ఒకే వేగంతో మెత్తగా తిరుగుతుంది. చవకైన ట్రైపాడ్‌లపై "ఫ్లూయిడ్" అని వ్రాసి ఉన్నా, వాటిలో కొన్నింటిలో కేవలం గ్రీజు పూసిన ప్లాస్టిక్ కీళ్ళు మాత్రమే ఉంటాయి. చాలా ఫ్లూయిడ్ హెడ్‌లలో కెమెరాను నిలువుగా త్రిప్పే ప్రక్క వంపు ఉండదు. కనుక స్థిర చిత్రాలకు ఇవి అంత అనుకూలం కావు.

### గింబల్ హెడ్

పక్షులు, వన్యప్రాణుల చిత్రాలకు వాడే పొడవైన, బరువైన లెన్సుల కొరకు ఉద్దేశించినది. లెన్సును దాని గరిమనాభి వద్ద ఊయలవలె వ్రేలాడదీస్తుంది. సమతూకం కుదిరిన తరువాత వ్రేలితో కదిపినా లెన్సు కదులుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. చిన్న లెన్సులతో దీనివలన ప్రయోజనం లేదు. మొబైల్ ఫోనును చేతిలో స్థిరంగా ఉంచే మోటారు గింబల్ వేరు, ఇది వేరు.

### ఇతర రకాలు

పళ్ళచక్రాలతో సూక్ష్మంగా కదిలే గేర్డ్ హెడ్, అనేక చిత్రాలను ప్రక్కప్రక్కన అతికించి విశాల దృశ్యం చేయుటకు వాడే పనోరమా హెడ్, తుపాకీ పిడి వంటి పట్టు కలిగిన హెడ్ కూడా ఉన్నాయి. ఇవి ప్రత్యేక అవసరాలకు మాత్రమే.

## ఎంపిక

### భారం

మొదట కెమెరా, తాను వాడే లెన్సులలో అన్నింటికన్నా బరువైనది, ఫ్లాష్ వంటి అదనపు సామగ్రి కలిపి తూచాలి. ఉదాహరణకు ప్రారంభ శ్రేణికి చెందిన కానన్ ఈఓఎస్ 1500డి కెమెరా బ్యాటరీతో సహా సుమారు 475 గ్రాములు, 55-250 మి.మీ. ఎస్‌టిఎమ్ లెన్సు సుమారు 375 గ్రాములు ఉంటాయి. మొత్తం 850 గ్రాములు.

హెడ్ మోయగల బరువును కొలిచే పద్ధతి అన్ని సంస్థలకూ ఒకటి కాదు. నిట్టనిలువుగా మోసే బరువును ఒకరు, వంపులో మోసే బరువును మరొకరు ప్రకటిస్తారు. అందువలన ప్రకటించిన బరువు తన సామగ్రి బరువుకు కనీసం మూడు, నాలుగు రెట్లు ఉండేటట్లు చూసుకొనుట అనుభవజ్ఞులు పాటించే నియమం. పై ఉదాహరణలో 3 కిలోల నుండి 4 కిలోల వరకు ప్రకటించిన హెడ్ సరిపోతుంది. 10 కిలోల హెడ్ అవసరం లేదు, దాని ధర, బరువు రెండూ వృథా. పక్షుల కొరకు వాడే 150-600 మి.మీ. లెన్సు ఒక్కటే సుమారు 2 కిలోలు ఉంటుంది కనుక అటువంటిది ఉన్నవారి లెక్క వేరుగా ఉంటుంది.

### ప్లేటు

ప్లేటులలో అనేక రకాలు ఉన్నాయి. వాటిలో ఆర్కా-స్విస్ తరహా ప్లేటు నేడు విస్తృతంగా వ్యాపించినది. ఇది సుమారు 38 మి.మీ. వెడల్పుతో, ఏటవాలు అంచులతో ఉంటుంది. ఒక సంస్థ ప్లేటు మరొక సంస్థ క్లాంప్‌లో సాధారణంగా ఇముడుతుంది. అయితే దీనికి అధికారిక ప్రమాణం లేనందున కొలతలలో స్వల్ప తేడాలు ఉంటాయి. స్క్రూతో బిగించే క్లాంప్ ఈ తేడాలను సర్దుకుంటుంది, మీటతో బిగించే క్లాంప్ సర్దుకొనలేకపోవచ్చు.

కొన్ని చవక హెడ్‌లకు ఆ నమూనాకు మాత్రమే సరిపోయే ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. అది పోయినా, విరిగినా మరొకటి దొరకుట కష్టం. ప్లేటు లేని హెడ్ ఉన్నా లేనట్లే. చిన్న పట్టణాలలో నివసించేవారు ఈ విషయాన్ని ధరకన్నా ముందు చూడవలసి ఉంటుంది.

### తీసే విషయం

ఒక్క హెడ్ అన్ని పనులకూ సరిపోదు. తాను ఎక్కువగా తీసేది ఏమిటో నిర్ణయించుకొన్న తరువాతే రకాన్ని ఎంచుకోవాలి.

* కట్టడాలు, శిల్పాలు, వస్త్రాలు, పుస్తకాలు: త్రీ-వే హెడ్
* ప్రయాణాలు, కొండలు, ప్రకృతి దృశ్యాలు, నక్షత్రాలు: బాల్ హెడ్
* పెళ్ళిళ్ళు, సభలు, పాఠాల వీడియోలు: ఫ్లూయిడ్ హెడ్
* పెద్ద లెన్సుతో పక్షులు, జంతువులు: గింబల్ హెడ్, అది సాధ్యం కానిచో పెద్ద గోళం గల బాల్ హెడ్

### ఖర్చును పంచుకొనుట

పరిమితమైన సొమ్ముతో కొనేవారు క్రింది క్రమాన్ని పాటించవచ్చును.

1. హెడ్ విడిగా ఊడివచ్చే కాళ్ళను ఎంచుకొనుట. మొదట సాధారణ హెడ్‌తో ప్రారంభించినా తరువాత హెడ్‌ను మాత్రమే మార్చుకొనవచ్చును.
2. కీళ్ళు, క్లాంప్ లోహంతో చేసినవై ఉండుట. పిడులు ప్లాస్టిక్‌వైనా నష్టం లేదు.
3. ప్లేటు ఆర్కా-స్విస్ తరహాది, లేదా విడిగా సులభంగా దొరికేది అయి ఉండుట.
4. పాన్ అక్షానికి విడి నాబ్ ఉండుట.
5. నీటి బుడగ, అంకెల చక్రం, సంచి వంటివి చివరి ప్రాధాన్యం.

కార్బన్ ఫైబర్ కాళ్ళకు ఎక్కువ సొమ్ము వెచ్చించి హెడ్ విషయంలో పొదుపు చేయుట సాధారణంగా జరిగే పొరపాటు. అదే మొత్తంతో అల్యూమినియం కాళ్ళు, మంచి లోహపు హెడ్ తీసుకుంటే చిత్రాల స్పష్టతకు మేలు.

## నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలో వినియోగం

### పానగల్లు

నల్గొండ పట్టణానికి ఆనుకొని ఉన్న పానగల్లు కందూరు చోళుల రాజధానులలో ఒకటి. ఇక్కడ పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి. ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలో శివలింగం వెనుక గోడపై పగలంతా స్తంభాకారపు నీడ కనిపిస్తుంది. ఈ నీడను చిత్రించుట ఔత్సాహికులకు ఒక పరీక్ష. బయట మండుటెండ, లోపల చీకటి. ఒక్క చిత్రంలో రెండింటినీ పట్టుట కష్టం. కనుక ఒకే చోటు నుండి వేర్వేరు ఎక్స్‌పోజర్లతో, ఉదాహరణకు 1/8, 1/2, 2 సెకన్లతో, మూడు చిత్రాలు తీసి కలుపుతారు. మూడు చిత్రాలకూ మధ్య హెడ్ ఏమాత్రం జారినా అవి ఒకదానిపై ఒకటి సరిగా కూర్చొనవు. ఇటువంటి పనిలో బలహీనమైన బాల్ హెడ్ కన్నా సాధారణ లోహపు త్రీ-వే హెడ్ మేలు.

స్తంభాలు చిత్రంలో నిట్టనిలువుగా రావాలంటే కెమెరాను పైకి ఎత్తకుండా సమంగా ఉంచాలి. మూడు అక్షాలను విడివిడిగా సరిచేసే వీలు ఉన్నందున ఇక్కడ కూడా త్రీ-వే హెడ్ అనుకూలం. ప్రక్కనే ఉన్న ఉదయసముద్రం జలాశయం వద్ద నీటి పక్షులను తీసేవారికి మాత్రం వేగంగా కదిలే హెడ్ కావాలి.

### అలంపురం, ముంపు గ్రామాలు

జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపుకు గురైన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళు విప్పి ఇక్కడికి తరలించి తిరిగి నిర్మించారు. నల్గొండ జిల్లాలోని ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగినది. మునుగుటకు ముందు అక్కడ పురావస్తు త్రవ్వకాలు జరిగాయి. నీట మునిగిన స్థలాల విషయంలో వ్రాతపూర్వక నివేదికలు, తరలించిన శిల్పాలతో పాటు అప్పటి ఛాయాచిత్రాలే నేటికి మిగిలిన ఆధారాలు. ఒక గ్రామ దేవాలయాన్ని, వీరగల్లును, శాసనాన్ని స్పష్టంగా చిత్రించి ఉంచుట అభిరుచితో పాటు చరిత్రకు కూడా సేవ. శాసనాల అక్షరాలు చదువుటకు వీలుగా రావాలంటే ప్రక్క నుండి ఏటవాలుగా పడే వెలుతురు, కదలని కెమెరా రెండూ అవసరం.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడుటకు ముందుగా అనుమతి తీసుకొనవలసి ఉంటుంది.

### పిల్లలమర్రి

మహబూబ్ నగర్ సమీపంలోని పిల్లలమర్రి అనే మహావృక్షం మూడు ఎకరాలకు పైగా వ్యాపించినది. చెదల వలన దెబ్బతిని 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా, సందర్శకులను నిలిపివేశారు. 2018లో సెలైన్ సీసాల ద్వారా బొట్లు బొట్లుగా చెదల మందు ఎక్కించి చికిత్స చేశారు. ఇటువంటి చెట్టు స్థితిని ఏటేటా ఒకే చోటు నుండి, ఒకే కోణంలో చిత్రిస్తే ఊడలు, కొమ్మలలో వచ్చే మార్పు తెలుస్తుంది. దీనికి అంకెల చక్రం ఉన్న పాన్ అక్షం ఉపయోగపడుతుంది. నిలుచున్న చోటు, హెడ్‌పై ఉన్న డిగ్రీలు, లెన్సు కొలత వ్రాసి ఉంచుకుంటే మరుసటి ఏడు అదే చిత్రాన్ని తిరిగి తీయవచ్చును.

### కొండకోటలు, నల్లమల

భువనగిరి, దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ కోటలకు మెట్లు, బండలు ఎక్కవలసి ఉంటుంది. ఇక్కడ మోసే ప్రతి గ్రాము లెక్కకు వస్తుంది కనుక చిన్న బాల్ హెడ్ అనుకూలం. కొండపై గాలి ఎక్కువగా ఉంటుంది. మధ్య కడ్డీని పైకి లేపకుండా, దాని క్రింద సంచిని వ్రేలాడదీస్తే కుదుపు తగ్గుతుంది.

నాగర్ కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ వాహనం నుండి చిత్రాలు తీసేవారికి ట్రైపాడ్ పనికిరాదు. కిటికీ అంచుపై గింజలు లేదా ఇసుక నింపిన సంచిని ఉంచి దానిపై లెన్సును ఆనించుట మేలైన పద్ధతి. ఇది దాదాపు ఖర్చు లేనిది కూడా. నల్లమల పరిసర గ్రామాలలో పట్టణ దీపాల వెలుగు తక్కువ కనుక నక్షత్రాలను తీయవచ్చును. 18 మి.మీ. లెన్సుతో సుమారు 17 సెకన్ల వరకు నక్షత్రాలు గీతలుగా మారకుండా తీయవచ్చునని ఒక స్థూలమైన లెక్క. అంతసేపు ఆకాశం వైపు ఎత్తిన కెమెరాను హెడ్ జారకుండా పట్టుకొనాలి.

### చేనేత వస్త్రాలు

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు ఈ ప్రాంతపు ప్రసిద్ధ చేనేత ఉత్పత్తులు. వీటిని అంతర్జాలంలో అమ్మేవారికి చీర రంగు, అంచు, నేత స్పష్టంగా కనిపించే చిత్రాలు అవసరం. కొనేవారు చేతితో తాకి చూడలేరు కనుక చిత్రమే సరుకు. చీరను బల్లపై పరచి కెమెరాను నేరుగా క్రిందికి వంచి తీస్తారు. దీనికి 90 డిగ్రీలు వంగే త్రీ-వే హెడ్ సరిపోతుంది. ప్రతి చీరకూ కెమెరాను మళ్ళీ సరిచేయనవసరం లేదు, చీరను మారుస్తూ పోతే చాలు. కెమెరా ముందుకు వ్రేలాడుతుంది కనుక ట్రైపాడ్ ఒక కాలు కెమెరా వంగిన వైపుకే ఉండేటట్లు నిలపాలి, లేనిచో బోర్లాపడే ప్రమాదం ఉంది. మొబైల్ ఫోనుతో తీసేవారు 1/4 అంగుళాల రంధ్రం ఉన్న ఫోను పట్టును ఇదే హెడ్‌పై బిగించుకొనవచ్చును.

## కొనేముందు చేయదగిన పరీక్షలు

నల్గొండ, మహబూబ్ నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు సుమారు 100 కి.మీ. దూరంలో ఉన్నాయి. కొన్న వస్తువును తిరిగి ఇచ్చుటకు ఒక రోజు, ప్రయాణ ఖర్చు వృథా అవుతాయి. హైదరాబాదులో కోఠి వంటి చోట్ల అంగడిలో కొనేవారు తమ కెమెరాను వెంట తీసుకొని వెళ్ళి అక్కడే క్రింది పరీక్షలు చేయుట మంచిది. అంతర్జాలంలో కొన్నవారు వాపసు గడువు ముగియకముందే ఇంటి వద్ద చేయవచ్చును.

* జారుడు పరీక్ష: బరువైన లెన్సు బిగించి, కెమెరా తెరపై ఒక బిందువును పెద్దదిగా చేసి చూస్తూ హెడ్‌ను బిగించి చేయి తీసివేయాలి. బిందువు కొద్దిగా కదిలి ఆగితే ఫరవాలేదు. నిదానంగా జారుతూనే ఉంటే ఆ హెడ్ పనికిరాదు.
* నిలువు పరీక్ష: కెమెరాను నిలువు చిత్రం కొరకు ప్రక్కకు వంచి అదే పరీక్ష చేయాలి. హెడ్‌పై గరిష్ఠ భారం పడేది సాధారణంగా ఈ స్థితిలోనే.
* వదులు పరీక్ష: అన్ని నాబ్‌లు బిగించి కెమెరాను మెల్లగా ఊపి చూడాలి. టకటకమను శబ్దం వస్తే కీళ్ళలో వదులు ఉన్నట్లు.
* నాబ్ పరీక్ష: మామూలు బలంతో బిగించినప్పుడు పట్టు దొరకాలి. శక్తినంతా ఉపయోగించవలసి వస్తే మర త్వరగా అరుగుతుంది.
* ప్లేటు పరీక్ష: ప్లేటు స్క్రూను నాణెంతో బిగించే వీలు ఉన్నదేమో చూడాలి. ప్రత్యేక తాళం అవసరమైనచో అది ఎల్లప్పుడూ వెంట ఉండాలి. క్లాంప్ వదులైనా ప్లేటు జారిపడకుండా ఆపే చిన్న మొల ఉంటే మంచిది.

వాడిన హెడ్‌ను కొనుట తక్కువ ఖర్చుకు మంచి మార్గం. హెడ్‌లో సాధారణంగా విద్యుత్ భాగాలు ఉండవు కనుక పైన చెప్పిన పరీక్షలలో నిలిచిన పాత లోహపు హెడ్ చాలా సంవత్సరాలు పనిచేస్తుంది. గోళంపై గీతలు, సొట్టలు ఉన్నవాటిని తీసుకొనరాదు.

## వాడకం, నిర్వహణ

ఎంత మంచి హెడ్ అయినా సరిగా వాడనిదే ఫలితం ఉండదు. బటన్‌ను వ్రేలితో నొక్కినప్పుడు కలిగే కుదుపును తప్పించుటకు రిమోట్ గాని, కెమెరాలోని 2 సెకన్ల టైమర్ గాని వాడాలి. లెన్సులోని కంపన నిరోధక వ్యవస్థను ట్రైపాడ్‌పై ఉన్నప్పుడు ఆపివేయుట చాలా లెన్సులకు మంచిది. జారుడు గుణం కొద్దిగా ఉన్న హెడ్‌తో పని గడుపుకోవాలంటే అనుకున్న దృశ్యానికి కొంచెం పైకి గురిపెట్టి బిగించి, అది దిగి నిలిచిన తరువాత చిత్రం తీయవచ్చును.

దక్షిణ తెలంగాణ మెట్టభూములలో వేసవిలో ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెల్సియస్ దాటుట కద్దు. ఎండలో నల్లని లోహపు హెడ్ అంతకన్నా వేడెక్కుతుంది. వేడికి లోపలి గ్రీజు పలచబడి పట్టు, మృదుత్వం మారుతాయి. మూసిన కారులో హెడ్‌ను ఉంచరాదు. ఎర్రమట్టి, గ్రానైట్ దుమ్ము గోళంపై చేరితే కదలిక గరగరలాడుతుంది. మెత్తని పొడిబట్టతో తుడుచుట చాలు. గోళానికి ఇంటిలోని నూనె పూయరాదు, నూనె ఘర్షణను తగ్గించి హెడ్‌ను జారేటట్లు చేస్తుంది. పని ముగిసిన తరువాత నాబ్‌లన్నింటినీ కొద్దిగా వదులు చేసి ఉంచాలి.

## పరిమితులు

హెడ్ ఎంత గట్టిదైనా సన్నని కాళ్ళ ఊగుడును ఆపలేదు. కదిలే మనుషులు, జంతువులు, గాలికి ఊగే ఆకులు ట్రైపాడ్ వలన స్పష్టంగా రావు, వాటికి వేగమైన షట్టర్ అవసరం. రద్దీగా ఉండే జాతరలలో, ఉత్సవాలలో ట్రైపాడ్ ఇతరులకు అడ్డంకి అవుతుంది. ఆధునిక కెమెరాలలోని కంపన నిరోధక వ్యవస్థల వలన చేతితో తీయగలిగే సందర్భాలు పెరిగాయి. అయినా దీర్ఘ ఎక్స్‌పోజర్, ఒకే కోణంలో పలు చిత్రాలు, శాసనాలు, పత్రాల నకళ్ళు తీయుట వంటి పనులకు హెడ్ అవసరం తీరలేదు.

## ఇవి కూడా చూడండి

* ట్రైపాడ్
* డిజిటల్ కెమెరా
* రాజా దీనదయాళ్
* ఛాయా సోమేశ్వరాలయం
* పిల్లలమర్రి
* అలంపురం